అటు దీపం, ఇటు స్విచ్

అన్నం తిని వస్తానని కరెంటు మేస్త్రి కిందికి వెళ్లాడు. వెళ్లేముందు గోడలు కోసే మిషన్ని హాల్లో ఓ మూలకి జరిపి, దాని వైరు దాని మెడకే చుట్టి, మీ అక్కగారొచ్చి చూసి సరే అన్నారంటే ఇంక నన్నాపకు తమ్ముడూ, సుద్దగీత కనపడ్డ చోటల్లా కోసుకుంటూ పోతాను, ఆ తర్వాత అయ్యో అన్నా గోడ వినదు అని చెప్పి మరీ వెళ్లాడు. తమ్ముడు ఇప్పుడు ఖాళీ హాలు మధ్యలో ఖాళీ సిమెంటు సంచులు పరుచుకుని, చేతులు తలకింద పెట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పడుకున్నాడంటే బద్ధకమనుకునేరు, ఇది ఉద్యోగం. ఇళ్లకి వెలుతురు ప్లాన్లు వేసేవాడు రోజులో సగం కప్పు వైపే చూడాలి, నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, కాబట్టి పడుకునే చూడాలి. ఈ సంగతి ఒక్కరికీ ఎక్కదు. మీవాడేం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే అమ్మ కూడా పడుకుంటున్నాడనే చెబుతుంది. కిటికీలకి కట్టిన నల్లపట్టాలు గాలికి ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నాయి. ఉబ్బినప్పుడల్లా పక్కనుంచి ఓ పేలికంత ఎండ లోపలికొచ్చి, దారి తప్పి వేరే ఇంటికొచ్చిన చుట్టంలా కప్పు మీద కాసేపు తటపటాయించి, ఏమీ అనకుండా వెళ్లిపోతోంది. దాన్ని చూస్తూ తమ్ముడు, వెలుతురంటే అందరూ బల్బనుకుంటారు గదా అనుకున్నాడు, బల్బు వేరు, వెలుతురు వేరు, ఈ ముక్క చెబితే బల్బుల షాపువాడు కూడా జాలిగా చూస్తాడు.

ఇంట్లో వెలుతురు పొరలు పొరలుగా ఉండాలి. మొదటి పొర గదంతా నింపేది. అది ఇంటిపెద్దలాంటిది, అందరికీ సమానంగా ఉంటుంది, ఏ ఒక్కరికీ ప్రత్యేకంగా పనికిరాదు. దాని మీద రెండో పొర, పని దీపాలు, కూరలు తరిగే చోట, పుస్తకం చదివే చోట, గడ్డం గీసుకునే చోట. ఆ పైన మూడో పొర, అది ఏ పనీ చెయ్యదు. ఊరికే ఓ గోడ మీదో, ఓ మొక్క మీదో, అరలో పెట్టిన మట్టికూజా మీదో పడి కూర్చుంటుంది. ఇంటికొచ్చినవాళ్లకి ఎందుకో తెలియకుండానే ఇంకాసేపు ఉందామనిపించేది దానివల్లే, ఖర్చెక్కువైందని ముందుగా తీసెయ్యమనేది కూడా దాన్నే. తమ్ముడికి మూడో పొర అంటే ప్రాణం. ఇద్దరూ ఒకే రకం మనుషులు. ఇంతకుముందు వాడు చేసిన పెద్ద పని ఓ బట్టల వ్యాపారి ఇంటి ముందుగది. పొరలూ గిరలూ నాకొద్దు, షాపులో ఉన్నట్టు ఉండాలి, అంతే అన్నాడాయన. వేశాడు. ఆ గదిలో ఇప్పుడు చీమకి కూడా నీడ పడదు, ఆ ఇంటి పిల్లి మొదటిరోజు లోపలికొచ్చి, తన శరీరం ఇంత స్పష్టంగా తనకెప్పుడూ కనపడలేదేమో, సిగ్గుపడి వెనక్కి తిరిగిపోయిందట, మళ్లీ రాలేదు. ఆయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. కూర్చున్న చోటునుంచే ఎదుటివాడి చొక్కా ఏ మిల్లుదో చెప్పేస్తున్నాడు.

ఇది అలాంటి ఇల్లు కాదు. ఇది అక్క ఇల్లు. మొదటి గదినుంచి చివరి స్విచ్చు దాకా తమ్ముడి చేతికొచ్చిన మొదటి ఇల్లు. మా తమ్ముడున్నాడు గదా, వాడికే ఇద్దాం అని అక్క అన్నప్పుడు బావ అలాగే అన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. బావ అలాగే అనే మనిషి కాదు. బావ బస్సులకి టైంటేబుల్ వేసే ఆఫీసులో పని చేస్తాడు, ఏ రెండు బస్సులూ ఒకే మలుపులో ఒకే నిమిషానికి ఎదురుపడకుండా చూడ్డం ఆయన ఉద్యోగం, ఇంట్లో మాత్రం ప్రతి మలుపులోనూ అక్కకి ఎదురొచ్చేవాడు. అక్క లెక్కల టీచరు. తప్పు కనపడితే ఎర్రగీత పెట్టకుండా ఉండలేదు, కాగితం మీదైనా, మనిషి మీదైనా. వాళ్లిద్దరూ అద్దెకున్న ఇంట్లో పోట్లాడుకుంటుంటే అది పోట్లాటలా ఉండేది కాదు, ఓ సంస్థలా ఉండేది. ఫాను ఎంత వేగంతో తిరగాలి, తాళం వేశామా లేదా, దోశె పెనం మీద నీళ్లు పొయ్యొచ్చా పొయ్యకూడదా, తడి తువ్వాలు మంచం మీద వెయ్యడానికి మనిషికి ఎంత ధైర్యముండాలి. పక్కింటివాళ్లు టీవీ చప్పుడు తగ్గించి వినేవాళ్లు. కింది వాటావాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయి, కొత్త ఇంట్లో సాయంత్రాలు ఏం తోచక మళ్లీ వచ్చారని వీధిలో చెప్పుకునేవారు. తమ్ముడు చదువుకునే రోజుల్లో అక్కడే ఉండేవాడు, ఆ హోరులోనే పరీక్షలకి చదివాడు, ఇప్పటికీ నిశ్శబ్దంగా ఉంటే వాడికి బుర్ర పనిచెయ్యదు. గొడవ అయ్యాక బావ వంటింట్లోకెళ్లి టీ పెట్టేవాడు, అందులో చక్కెర ఎక్కువైందని అక్క, తక్కువైందని బావ, అలా మళ్లీ మొదలయ్యేది. వాళ్లని చూసి తమ్ముడు పెళ్లంటే ఇలాగే ఉంటుందనుకున్నాడు, అంటే బాగుంటుందనుకున్నాడు.

పట్టా ఉబ్బింది. ఎండపేలిక ఈసారి హాలు గోడ మీద వాడు గీసిన సుద్దగీత దాకా వచ్చింది. పై అంతస్తులో ఎవరో ఏదో ఈడుస్తున్నారు, బల్లో, పాపాలో. ఆ చప్పుడు వింటుంటే అద్దింట్లో భోజనాల బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు ఓ ఆదివారం. తువ్వాలు గొడవే, పాతదే, అందరికీ వచ్చిన పద్యమే, తమ్ముడు నవ్వుకుంటూ అన్నం కలుపుకుంటున్నాడు. మధ్యలో బావ ఆగి, గొంతు పెంచకుండా, నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో అన్నాడు. గట్టిగా అని ఉంటే గొడవలో కలిసి కొట్టుకుపోయేది. నెమ్మదిగా అన్నాడు, అదీ చిక్కు. అక్క చేతిలో గరిటె గిన్నెలో పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి లేచి, మజ్జిగ తెచ్చి బావకి పోసింది. అంతే. అన్న మాట బావకి కూడా చెవినపడ్డట్టుంది, తలెత్తలేదు. ఆ రోజునుంచి అక్క ఆ ఇంటిని ప్రశాంతంగా చేసి పెట్టింది. అడిగింది అడిగినట్టు, ఒక్క మార్కు కూడా తగ్గకుండా. తువ్వాలు మంచం మీద కనపడితే తనే తీసి ఆరేస్తుంది. బావ సిగ్గుతో అసలు మంచం దగ్గరికే తువ్వాలు తీసుకెళ్లడు. ఒకరికొకరు థాంక్స్ చెప్పుకుంటారు. సొంత ఇంట్లో, సొంత మొగుడు మంచినీళ్లిస్తే, థాంక్సండీ అంటుంది అక్క. అంతకుముందు నువ్వు అని పిలిచే మనిషిని మీరు అంటోంది. మొదట్లో తమ్ముడు ఏదో నాటకం వేస్తున్నారనుకుని చప్పట్లు కొట్టాడు. ఎవరూ నవ్వలేదు. ఓ పండితుణ్ణీ ఓ ప్రిన్సిపాల్నీ ఒకే గదిలో పెట్టి తాళం వేస్తే ఎలా ఉంటారో అలా ఉన్నారు ఏడాదిగా. పక్కింటివాళ్లు టీవీ చప్పుడు మళ్లీ పెంచుకున్నారు.

ఇల్లు కొనుక్కున్నారు మరి, విడిపోయేవాళ్లయితే కొంటారా అనుకున్నాడు తమ్ముడు. ప్లాను వేసేముందు ఎవరికేం కావాలో అడగడం పద్ధతి కాబట్టి అడిగాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగితే ఆయనకెలా కావాలంటే అలా అని అక్క, మీ అక్కకెలా కావాలంటే అలా అని బావ, ఇలా సాయంత్రం గడిచిపోయింది, ఓ బిస్కెట్టు ప్లేటు మాత్రం ఇద్దరి మధ్యా తీసుకోండి తీసుకోండి అని తిరిగి తిరిగి అలిసిపోయింది. తర్వాత విడివిడిగా ఫోన్లు మొదలయ్యాయి. బావ గొంతు తగ్గించి, ఒరేయ్, మంచం దగ్గర నాకో సన్న దీపం కావాలిరా, పుస్తకం మీద తప్ప మీ అక్క కళ్లలో పడకూడదు అన్నాడు. అక్క స్టాఫ్ రూములోంచి, పొద్దున్నే నేను తయారయ్యేటప్పుడు ఆయనకి నిద్రాభంగం కాకుండా బీరువాలోనే లైటు పెట్టరా అంది. బావ మళ్లీ, నేను ఆలస్యంగా వచ్చినప్పుడు హాల్లో పెద్ద లైటు వెయ్యకుండా నడవాలో నేలదగ్గర వాటంతటవే వెలిగే దీపాలుంటాయట గదా. అక్క మళ్లీ, వంటింట్లో గట్టు మీద మాత్రమే పడేలా ఓ వరస దీపాలు, పెద్ద లైటేస్తే హాల్లో ఆయన పనికి అడ్డం. తమ్ముడు ప్రతి ఫోనూ విని ఎంత ప్రేమ, ఎంత ప్రేమ అనుకున్నాడు. అన్నీ పెట్టాడు. అడగనివి కూడా పెట్టాడు. ఇలాంటి ప్లాను వేసినందుకు తన భుజం తనే తట్టుకున్నాడు, ఈ పనిలో ఇంకెవరూ తట్టరు కాబట్టి.

వాడికో పద్ధతుంది. గీతలు గీశాక ఆ ఇంట్లో ఉండబోయే మనిషిలా నటిస్తాడు. విరిగిన గొడుగు కర్రకి ఓ బ్యాటరీ దీపం కట్టుకుని, అది అవసరమైన చోటల్లా ఎత్తి పట్టుకుని, తలుపు తీసుకుని లోపలికొచ్చే దగ్గర్నుంచి పడుకునే దాకా ఆ మనిషి సాయంత్రాన్ని నడిచి చూస్తాడు. చెయ్యి ఎటు వెళుతుంది, స్విచ్చు అక్కడుందా, నీడ ముఖం మీద పడుతుందా. బట్టల వ్యాపారి ఇంట్లో వాళ్ల బామ్మలా నటిస్తూ మోకాళ్లు పట్టుకుని లేస్తుంటే ఆవిడ వెనకే నిలబడి చూసి, నేనంత ముసలిదాన్నేం కాదు అని రెండ్రోజులు మాట్లాడలేదు. ఇవాళ పొద్దున ముందు బావ అయ్యాడు. తాళంచెవులు పక్కన పెట్టాడు, బూట్లు విప్పాడు, నేల దీపాల వెంట పిల్లిలా నడిచాడు, హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని బస్సులు సర్దాడు, వెళ్లి సన్న దీపం కింద పుస్తకం పట్టుకున్నాడు, ఆర్పాడు. అద్భుతం. తర్వాత టీ తాగొచ్చి అక్క అయ్యాడు. సంచి తగిలించాడు, వంటింటి గట్టు దీపాల కింద కూర తరిగాడు, అక్కడే ఎత్తు స్టూలు మీద పేపర్లు దిద్దాడు, బీరువా దీపంలో మర్నాటి చీర తీసి పెట్టుకున్నాడు, తన వైపు దీపం వేసి ఆర్పాడు. మహాద్భుతం. ఎక్కడా చెయ్యి తడబడలేదు, ఎక్కడా నీడ అడ్డం రాలేదు.

ఇప్పుడు సిమెంటు సంచుల మీద పడుకుని, ఊరికే పొద్దుపోక, కప్పు మీద ఆ రెండు సాయంత్రాలనీ ఒకేసారి నడిపించాడు. అటు బావ వచ్చాడు, ఇటు అక్క వంటింట్లో ఉంది. బావ హాల్లో తన దీపం కింద కూర్చున్నాడు, అక్క తన దీపం కింద. బావ లేచాడు, అక్క లేచింది, ఇద్దరూ వేరు వేరు వెలుతుర్లలోంచి వేరు వేరు వెలుతుర్లలోకి వెళ్లారు. ఎక్కడైనా కలుస్తారేమోనని తమ్ముడు మళ్లీ మొదటినుంచి నడిపాడు. ఈసారి అక్కని కాస్త ఆలస్యంగా బయల్దేరదీశాడు. లాభం లేదు. ఒకళ్ల దీపం వెలుగు ఇంకొకళ్ల మోకాలి మీద కూడా పడటం లేదు. ఎంత చక్కగా గీశాడంటే, ఏ రెండు బస్సులూ ఏ మలుపులోనూ ఎదురుపడవు. బావ ఆఫీసులో చూపిస్తే ప్రమోషనిస్తారు. ఇల్లంతా ఇద్దరి కోసమే వెలుగుతుంది, ఇద్దరూ ఉన్న చోటు మాత్రం ఒక్కటీ లేదు. వాళ్లు ఫోన్లో అడిగిందంతా ఇదేనన్నమాట, నీకు నేను అడ్డం రాను, నాకు నువ్వు అడ్డం రావద్దు, దానికి వీడు చక్కగా వైరింగు ప్లాను వేసి పెట్టాడు. మేస్త్రి వచ్చి ఆ గీతల వెంట కోసి, పైపులు పెట్టి, సిమెంటు పూసి, రంగేసేస్తే ఇంక అదే కాపురం. బల్లకీ కుర్చీకీ కాళ్లుంటాయి, గోడలో పైపుకి ఉండవు.

తమ్ముడు లేచి కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరాక పగటిపూట లేచి కూర్చోవడం అదే మొదటిసారి అని అమ్మకి చెబితే నమ్ముతుంది. తడిగుడ్డ తీసుకుని హాల్లోకొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. అన్నీ తుడిచేసి హాలు మధ్యలో ఒకే ఒక్క ట్యూబులైటు పెడితే? దాని కింద మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని తెల్లారేదాకా ఇద్దరూ నిలబడే ఉంటారు. భోజనాల బల్ల మీద కిందిదాకా వేలాడే దీపం, గిన్నె మీదా ఇద్దరి ముఖాల మీదా మాత్రమే పడేటట్టు, చూసినవాళ్లెవరికైనా కూర్చోవాలనిపించేటట్టు? ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని, మీకోసం ఆగలేదండీ, ఏమనుకోకండి. అక్కకి చెప్పెయ్యడం ఇంకో దారి. అక్కా, నాకు భయంగా ఉంది, మీరిద్దరూ ఒకే ఇంట్లో విడిపోతున్నారు అని. జోకు కాని మాట వాడి నోట్లోంచి వచ్చి చాలాకాలమైంది, వచ్చే దారి మీద గడ్డి మొలిచింది. అక్క మాత్రం ఏమంటుంది, అదేం లేదురా, బాగానే ఉన్నాం, చూడు ఎంత ప్రశాంతంగా ఉన్నామో అంటుంది. ప్రశాంతంగా అనే మాట వచ్చాక ఇంక ఎవరూ ఏమీ మాట్లాడలేరు.

గుడ్డలోంచి నీళ్లు కారి కాలి మీద పడ్డాయి, చల్లగా, స్నానాలగది నేలలా. చిన్నప్పుడు వాళ్లుండే ఇంట్లో స్నానాలగదికి స్విచ్చు బయట ఉండేది, కట్టినవాడు లోపల పెట్టడం మరిచిపోయాడో, లోకం మీద కసి తీర్చుకున్నాడో. అక్క తలకి సబ్బు రాసుకోగానే తమ్ముడు బయట టప్పున ఆర్పేసేవాడు. లోపల చీకటి, కళ్లలో సబ్బు, బయట వీడు. అక్క కేకలు, తిట్లు, తర్వాత బేరాలు, నీ డ్రాయింగు నేను వేసిపెడతా, నా గులాబీరంగు పెన్సిలిస్తా, వెయ్యరా, చచ్చినట్టు వెయ్యి. వాడు తలుపుకి చెవి ఆనించి, ఇంకా ఏమిస్తావ్ అనేవాడు. ఆ వయసులో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకున్న చోటు ఇంకోటి లేదు. నాన్న ఓసారి మనిషిని పిలిచి స్విచ్చు లోపల పెట్టించాడు. అందరూ సుఖపడ్డారు. తర్వాత అక్క స్నానాలగదిలోంచి ఒక్క మాట కూడా వినపడలేదు, నీళ్ల చప్పుడు తప్ప.

తమ్ముడు పడకగదిలోకి నడిచాడు. నేల మీద సుద్దతో మంచం గీసి ఉంది, గోడ మీద అటో దీపం, ఇటో దీపం, ఒక్కో దీపంనుంచి కిందికి దాని స్విచ్చుకి ఓ బాణం, అందంగా, బుద్ధిగా. వాడు అటు బాణం తుడిచాడు. ఇటు బాణం తుడిచాడు. బావ దీపంనుంచి గీత మంచం తలవైపు మీదుగా తీసుకెళ్లి అక్క దిండు దగ్గర దింపాడు. అక్క దీపంనుంచి తీసుకొచ్చి బావ దిండు దగ్గర దింపాడు. గీతలు మధ్యలో ఒకదాన్నొకటి దాటాయి. వెనక్కి జరిగి చూశాడు, ఏ ఎలక్ట్రీషియన్ చూసినా ఏడ్చే పని, చదువుకున్నవాడు చెయ్యాల్సిన పని కాదు. వేడి మీదున్నప్పుడే హాల్లోకెళ్లి, బావ బల్లదీపం స్విచ్చు వంటింటి గట్టు దగ్గరికి పంపించాడు, గట్టు దీపాల స్విచ్చు బావ బల్ల దగ్గరికి. నేల దీపాలు వాటంతటవే వెలిగేవి కాబట్టి వాటిని మొత్తానికే తుడిచేశాడు. ఆలస్యంగా వస్తే తలుపు కొట్టు, ఎవరో ఒకరు లేచి లైటేస్తారు, తిడతారు. ఇది గనక తేడా కొడితే, అక్క ఓ చూపు చూసి మీరేమీ అనుకోకండి, పాపం వాడు చిన్నవాడు, మార్పిద్దాం అని బావతో మర్యాదగా అంటే, ఇంక వాడి దగ్గర మరో ఉపాయం లేదు.

మేస్త్రి పుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. గోడలన్నీ ఓసారి చూసుకుంటూ పడకగది దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాడు. పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, ఇది తిరగబడింది."

"లేదన్నా, సరిగ్గానే ఉంది."

"ఈ పక్క స్విచ్చు నొక్కితే ఆ పక్క దీపం వెలుగుద్ది."

"అదే కావాలి."

మేస్త్రి వాడి ముఖంలోకి చూశాడు, జ్వరమేమైనా ఉందా అన్నట్టు. తర్వాత గోడనీ చూశాడు. అన్నం తినడానికి వెళ్లేముందు బాగానే ఉన్నావే అన్నాడు. అడిగితే మాత్రం ఈ గీతలు తనవి కాదని చెబుతానని, ఇలాంటి పని చేశానని తెలిస్తే తనకి ఇంకెవరూ పనివ్వరని, వాళ్ల మామ పరువు కూడా ఇందులో ఉందని, ఎందుకంటే పని నేర్పింది ఆయనేనని చెప్పి, మిషను మెడకున్న వైరు విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడే లిఫ్టు తలుపు చప్పుడైంది. అక్క గుమ్మం దగ్గర ఆగి, లోపలంతా సిమెంటు దుమ్ముందని తెలిసి కూడా అలవాటుకొద్దీ చెప్పులు విప్పి లోపలికొచ్చింది. భుజానికి పేపర్ల కట్ట ఉన్న సంచి. ఏరా, తిన్నావా అంది. తిన్నానన్నాడు, తినలేదు. అక్క గోడలు చూడ్డం మొదలుపెట్టింది, పేపర్లు దిద్దేటప్పుడు చూసినట్టే, పెదాలు కదుపుకుంటూ, గీతనుంచి గీతకి. హాలు బాగుందంది. వంటింటి దగ్గర ఓ క్షణం ఎక్కువసేపు నిలబడింది. పడకగదిలోకి వెళ్లింది. తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగాడు. మేస్త్రి కిటికీ వైపు తిరిగి పట్టాకున్న ముడి ఎంత బాగుందో పరీక్షిస్తున్నాడు.

"ఒరేయ్. మీ బావ దీపం స్విచ్చు నా తలకాయ దగ్గరుంది."

"ఉంటుంది."

"నాది?"

"బావ దగ్గర."

అక్క గోడ మీద ఒకదాన్నొకటి దాటుతున్న ఆ రెండు గీతలనీ వేలితో తాకకుండా గాల్లో అనుసరించింది, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. వంటింట్లో కూడా ఇంతేనా అంది. ఇంతేనన్నాడు. కావాలనే వేశావా అంది. జవాబుగా చెప్పడానికి వాడి దగ్గర నాలుగైదు జోకులు వరసగా వచ్చి నిలబడ్డాయి, అన్నీ బాగున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. తల ఊపాడు. అక్క కిందికి వంగి తడిగుడ్డ అందుకుంది. అయిపోయింది అనుకున్నాడు తమ్ముడు. గోడకి ఆ గుడ్డ ఆనించి, తుడవకుండా అలాగే పట్టుకుని, ఆయన్ని ఓ మాట అడుగుదాం, ఆయన గది కూడా కదా అని రెండో చేత్తో సంచిలోంచి ఫోను తీసింది. చేతికున్న బడి సుద్ద చెవికి అంటుతుందని స్పీకరు నొక్కింది.

బావ వెంటనే ఎత్తాడు. బిజీగా ఉన్నారా అని అక్క, లేదు లేదు చెప్పు అని బావ, చిన్న విషయమండీ, మీకు వీలైతేనే అని అక్క, పర్లేదు పర్లేదు అని బావ. మేస్త్రి ఈ మాటలు విని వీళ్లింకా పెళ్లి చేసుకోలేదేమో అన్నట్టు చూశాడు. అక్క విషయం చెప్పింది, మీ దీపం స్విచ్చు నా వైపు వస్తోంది, నా దీపం స్విచ్చు మీ వైపు, మీ బల్లదీపానిది వంటింట్లో, మీకేమైనా ఇబ్బందా. ఫోను అవతల బావ మనసులో బస్సులు నడుపుతున్నాడు.

"అంటే నేను చదువుకోవాలంటే నిన్నడగాలా?"

"అవును."

"నువ్వు నిద్రపోతుంటే?"

"లేపాలి."

"ఎవడేశాడు ఆ బుర్రలేని ప్లాను?"

గుడ్డ పట్టుకున్న అక్క చెయ్యి గోడ మీద ఆగింది. నీళ్లు గీత మీదుగా సన్నగా కిందికి కారుతున్నాయి. ఇప్పుడు చెప్పాల్సిన మాట ఏమిటో తమ్ముడికి తెలుసు, ఏడాదిగా వింటున్నదే, పోనీలెండి, మార్పిస్తాను, మీరు కంగారు పడకండి. అక్క నోరు తెరిచింది కూడా. గోడ వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది, గుడ్డ కిందికి దించింది.

"మా తమ్ముడు. ఏం?"

"ఏమేమిటి? రాత్రిపూట నిన్ను లేపి, అమ్మా తల్లీ ఓ దీపం వెయ్యమని బతిమాలుకోవాలా?"

"రాత్రంతా చదవమని నిన్నెవడు బతిమాలాడు?"

"నువ్వు మీ అమ్మగారింటికెళితే? అన్నాళ్లూ చీకట్లో కూర్చోనా?"

"కూర్చో. కూర్చుని ఆలోచించుకో."

అవతలనుంచి గొంతు పెరిగింది. ఇద్దరి గొంతులూ కలిసి ఖాళీ గదిలో గోడనుంచి గోడకి తగిలి తిరుగుతుంటే, ఫర్నిచరు లేకపోవడం వల్ల, గొడవ మామూలు కన్నా నాలుగింతలు బాగా వినపడుతోంది. పై అంతస్తులో ఈడుస్తున్నవాళ్లు ఈడవడం ఆపారు. బావ స్విచ్చుల నుంచి వంటింటి గట్టు ఎత్తుకి, అక్కడినుంచి ఇల్లు కొన్నది ఎవరి ఇష్టానికనే సంగతికి వచ్చాడు. అక్క ఒక్కో దానికీ జవాబు చెబుతూనే, మాటకీ మాటకీ మధ్య ఫోను మీద అరచెయ్యి మూసి, మేస్త్రి వైపు తిరిగింది.

"కొయ్యండి."

మేస్త్రి అడ్డగోలుగా ఉన్న ఆ గీతల వైపు చివరిసారి చూసి, నిట్టూర్చి, మిషన్ని గోడకి ఆనించాడు. గది నిండా ఎర్రటి దుమ్ము లేచింది. ఇటుక కోస్తున్న హోరులో బావ ఏమంటున్నాడో తమ్ముడికి వినపడటం మానేసింది. అక్క ఫోను పెట్టెయ్యలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని, "ఏమన్నావ్? వినపడలేదు, మళ్లీ చెప్పు" అంటూ పక్కగదిలోకి నడిచింది.